వట్టి కాళ్లతో కొండ యెక్కుట



నేడు నేను మీకు మనవి చేయబోవు విషయము మిక్కిలి చిన్నది. చెప్పులు విడిచి వట్టి కాళ్లతో ఒక కొండ యెక్కితిని. ఇంతే సంగతి. ఇందులో చెప్పవలసిన దేమున్నదని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. మీ తాత తండ్రులును, మీలో ననేకులును బాల్యమంతయు వట్టి కాళ్లతోనే తిరిగినవారు. దుక్కిలోను, దమ్ములోను, పశువుల వెంటను, బడికిని, సంతకును, పెండ్లికిని నడచినవి ఆ కాళ్లే. అట్టివారి కిది యొక విశేషమా? కాదు. అయినను ఆ కొండ యెక్కుటలో నన్ను వెనుకకు లాగినవి కాళ్లు కావు, మనస్సు. ఆ మనస్సును గూర్చియే నాలుగు మాటలు చెప్పదలచితిని.

మన దేశమున చెప్పనునది కాలి తొడుగు మాత్రమే కాదు. అది గౌరవమునకు గుర్తు. చెప్పులు సింహాసన మెక్కిన కథ మన రామాయణమున కలదు. కిర్రుచెప్పుల చప్పుడు వినబడగానే మోతుబరి వచ్చుచున్నాడని అరుగుమీది వారు లేచి నిలుచుండెడి కాలమును మీరెరుగుదురు. ఆ చప్పుడునకు రెండవ వైపు కూడ నుండెను. కొన్ని కులములవారు పెద్దల యిండ్లముందు పోవునపుడు చెప్పులు విడిచి చేతబట్టుకొని పోవలసిన దురాచారము మన పల్లెలలోనే యుండెను. మీలో వయోవృద్ధులకు ఇది విన్న మాట కాదు, కన్న మాట. 1950 జనవరి 26వ తేదీని అమలునకు వచ్చిన మన రాజ్యాంగములోని 17వ అధికరణము అంటరానితనమును రద్దు చేసెను. దానిని పాటించినవారిని శిక్షించు చట్టము 1955లో వచ్చెను. కావున ఈ దేశమున ఒకడు చెప్పులు తొడుగుకొని వీధిని నడచుట యనునది చిన్న సంగతి కాదు. దానికొరకు మాటలు పడినవారు, దెబ్బలు తిన్నవారు కలరు.

ఇట్లగుటచే మనకు వట్టికాళ్ల నడక రెండు విధములుగనే అర్థమగును. ఒకటి బీదతనము, రెండవది భక్తి. అలిపిరి నుండి తిరుమలకు 3,550 మెట్లు వట్టి కాళ్లతో నెక్కువారిని చూచి మనము చేతులు జోడింతుము. అయ్యప్ప మాల ధరించినవారు మండల దీక్ష 41 దినములు చెప్పులు లేకుండ పట్టణములలో ఉద్యోగములకు సైతము పోవుదురు. వారిని చూచి నవ్వువాడు లేడు. అయితే బీదతనమును లేక, మ్రొక్కును లేక, ఊరకే చెప్పులు విడిచి నడచువానిని ఏ కోవలో చేర్చవలెనో లోకమునకు తెలియదు. తెలియని దానికి లోకము నవ్వును. ఆ నవ్వునకు మనము జంకుదుము.

నేను ఉపాధ్యాయుడను. పట్టణములోని ఉన్నత పాఠశాలలో 32 సంవత్సరములు పని చేసి, విశ్రాంతి పొంది, స్వగ్రామము చేరితిని. ఆ 32 సంవత్సరములును బూట్లతోనే గడచినవి. నా అరికాళ్లు పసిపిల్లవాని బుగ్గవలె మెత్తనైపోయెను. చలికాలమున నలుగురు మిత్రులము కలిసి కొండవీటికి పోవుట మాకు చిరకాలపు అలవాటు. గుంటూరు సీమలో కొండవీడు తెలియనివా రుండరు. 14వ శతాబ్దమున రెడ్డిరాజులకు రాజధానియై, 1515లో శ్రీకృష్ణదేవరాయల వశమైన ఆ దుర్గమిప్పుడు పల్నాడు జిల్లాలో నున్నది. ఈనాడు మీదివరకు కార్లు పోవు ఘాటు రోడ్డు కలదు. మేము మాత్రము పాతదారినే యెక్కుదుము.

ఒక సంవత్సరము ఆ దారిలో మేము బూట్లు జారుచుండగా, ఒకరి చేయి ఒకరు పట్టుకొని దిగుచుంటిమి. మా ప్రక్కనుండి నెత్తిన కట్టెల మోపులతో ముగ్గురు స్త్రీలు వట్టి కాళ్లతో దిగిపోయిరి. వారు క్రిందికి చూచినట్లు లేదు, తొట్రుపడినట్లును లేదు. రాయిని వారి పాదము పట్టుకొనుచున్నట్లుండెను. అప్పుడు నాకు ఒకసారి అట్లు నడచి చూడవలెనని కోరిక పుట్టెను.

కోరిక పుట్టినది గాని కాలు కదలదు. ఎవరైన చూచిన నేమందురు? పింఛను చాలక చెప్పులు కొనలేకున్నాడందురా? మతి చలించినదందురా? లేనిపోని వేషమందురా? మనవారు దీనినే నామోషీ యందురు. నా వాకిలి నుండి వీధి మలుపు నూరడుగులు లేదు. ఆ నూరడుగులు వట్టి కాళ్లతో నడచుటకు నాకు కొండంత ధైర్యము కావలసివచ్చెను. తెల్లవారుజామున ఎవరును లేవకముందు పెరటిలో నడచితిని. తరువాత కాలువ గట్టునకు పోయి, అక్కడ చెప్పులు విడిచి సంచిలో పెట్టుకొని నడచితిని. ఎదుట మనిషి కనబడిన యెడల గుండె దడదడ లాడెడిది.

ఒకనాడు ఆ గట్టుమీద మా యూరి కౌలురైతు ఒకడు ఎదురయ్యెను. అతడు నా కాళ్లవైపు చూచి, చూచిన తోడనే తన చెప్పులు విడిచి నా ముందు పెట్టి, "మేష్టారూ, చెప్పులు తెగినయ్యా? నావి వేసుకోండి. నాకు అలవాటేగా!" అనెను.

అయ్యలారా, నేనెదురు చూచినది నవ్వు. వచ్చినది ఇది. "తెగలేదు నాయనా, కావాలనే విడిచాను" అంటిని. అతడు కొంతసేపు ఆలోచించి, "అట్లయితే ఆ కంకర మీద ఎందుకండీ? గట్టు పక్కన గరిక ఉంది, ముందు దాని మీద నడవండి. కాలు ఊనక ముందే నేల చూసుకోండి. ముల్లు గుచ్చుకుంటే బరువు వెయ్యకుండా ఆగాలి" అని నాకు పాఠము చెప్పి, తన దారిని తాను పోయెను.

"నాకు అలవాటే" యనిన యా మాట నన్ను చాల దినములు విడువలేదు. ముల్లు నాకెంత గుచ్చుకొనునో అతనికి నంతియే గుచ్చుకొనును. ఎండలో నేల నాకెంత కాలునో అతనికి నంతియే కాలును. అయినను అది అతనికి సహజమనియు, నాకు తగదనియు అతడును నమ్మెను, ఊరును నమ్మెను. నా సంకోచమునకు వేరు ఇక్కడనే యున్నదని నాకు తోచెను. నేను జంకినది నొప్పికి కాదు, అతనివలె కనబడుటకు. ఇది తెలిసిన తరువాత సిగ్గు వెంటనే పోయినదని చెప్పజాలను గాని, దానికి లోబడవలసిన పని లేదని మాత్రము స్థిరపడెను. మరునాడు సూర్యోదయమైన తరువాత వీధిలోనే వట్టి కాళ్లతో నడచితిని. ఇద్దరడిగిరి, ఒకడు నవ్వెను, తక్కినవారు తమ పనిలో తామున్నారు. లోకము మనలను చూచుచున్నదని మనము తలంతుము. లోకమునకంత తీరిక లేదు.

అటుపిమ్మట రెండు నెలలు గరికమీదను, మట్టిమీదను, కడపట గరుసుమీదను అభ్యసించి, కార్తిక మాసమున కొండవీటికి పోతిమి. మిత్రులు బూట్లు బిగించుచుండగా నేను విప్పితిని. పరిహాసము కొంత సాగి, దానంతట నదే ఆగెను. తెల్లవారుజామున రాళ్లు చల్లగా నున్నవి. బూట్లతో నడచునపుడు దారియంతయు ఒక్కటే. వట్టి కాలికి అడుగడుగు వేరు. నున్నని బండ, మంచుకు తడిసిన మన్ను, ఎండిన సీతాఫలపు టాకు, మేకలు త్రొక్కిన దుమ్ము, వీనిలో దేని స్పర్శ దానిదే. అడుగు చిన్నదయ్యెను, మాట తగ్గెను, చూపు నేలమీద నిలిచెను. రెండుమార్లు ముల్లు గుచ్చుకొనెను. కౌలురైతు చెప్పినట్లు బరువు మోపక ఆగి తీసికొంటిని. మిత్రులు నాకొరకు వేచియుండిరి గాని, జారుడు బండలవద్ద నేనే వారికొరకు వేచియుంటిని.

సగము దూరమున ఒక ముసలమ్మ సీతాఫలముల గంపతో కూర్చుండెను. "మాల వేశావా నాయనా?" అని అడిగెను. లేదంటిని. "మొక్కా?" అనెను. అదియు లేదు, ఊరకే నడచుచున్నానంటిని. ఆమె నా వైపు ఎగాదిగా చూచి, "మా కాళ్లు ఊరకే నడవలేదయ్యా. చెప్పులు కొంటే పిల్లాడి పుస్తకాలకు డబ్బు లేదని నడిచినయ్. ఇప్పుడు వాడే కొనిపెట్టాడు" అని తన రబ్బరు చెప్పులు ముందునకు జరిపి చూపెను. ఆ చూపులో నింద లేదు, సంతోషమే కలదు. నేను చెప్పులు విడిచి పొందిన సంతోషమును, ఆమె చెప్పులు తొడిగి పొందిన సంతోషమును ఒకదాని ప్రక్క నొకటి పెట్టి చూచితిని. ఆమెదే పెద్దది. నాది వలసినపుడు విడుచువాని సంతోషము. ఆమెది చిరకాలము లేక, తుదకు పొందినదాని సంతోషము. విడుచుటకు ముందు ఉండవలెను గదా!

ఈ సందర్భమున గాంధీ మహాత్ముని సంగతి యొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. ఆయన దక్షిణాఫ్రికాలో చెప్పులు కుట్ట నేర్చెను. తన్ను చెరసాలలో నుంచిన జనరల్ స్మట్సుకు తన చేత కుట్టిన చెప్పుల జత బహూకరించెను. 1939లో స్మట్సు వానిని గౌరవముతో తిరిగి పంపెను. ఆ చెప్పులు కుట్టిన మహాత్ముడే 1947 జనవరిలో, 77 ఏండ్ల వయస్సున, వంగదేశపు నౌఖాలీలో కల్లోలము చెలరేగిన పల్లెలను వట్టి కాళ్లతో తిరిగెను. కుట్టుటయు గౌరవమే, తొడుగుటయు గౌరవమే, విడుచుటయు గౌరవమే. ఒకరిచేత విడిపించుట మాత్రమే అగౌరవము.

ఇక కాలిని గూర్చి కొంచెము. మన యొక్కొక్క పాదమున 26 ఎముకలును, 33 కీళ్లును కలవు. ఇది వంగుటకు, పట్టుటకు, నేలను తెలిసికొనుటకు ఏర్పడిన యవయవము. వట్టి కాళ్లతో పరుగెత్తుట కలవడినవారు తరచుగా పాదపు ముందుభాగమును మొదట మోపుదురనియు, అందుచే అదురు తగ్గుననియు 2010లో ప్రచురితమైన పరిశోధన చెప్పుచున్నది. అరికాలు కాయ కాచినను స్పర్శజ్ఞానము తగ్గదని 2019లో మరియొక పరిశోధన తేల్చెను. 1911లో కలకత్తాలో మోహన్ బగాన్ జట్టు ఇంగ్లీషు సైనికుల జట్టును బంతియాటలో ఓడించినపుడు, మనవారు 11 మందిలో 10 మందికి బూట్లు లేవు. ఇథియోపియా దేశస్థుడైన అబెబె బికిలా 1960లో రోము నగరపు ఒలింపిక్ క్రీడలలో మారథాన్ పరుగును వట్టి కాళ్లతో 2 గంటల 15 నిమిషముల 16 సెకండ్లలో గెలిచెను. అతడే 1964లో టోక్యోలో బూట్లతో మరల గెలిచెను. దీనిలో నీతి యేమన, బలము కాలిలో నుండవలెను. చెప్పు తోడు మాత్రమే.

అయితే నామాట విని ఎల్లవారును చెప్పులు పారవేయరాదు. మధుమేహము గలవారు వట్టి కాళ్లతో నడువనే కూడదు. వారికి అరికాలి స్పర్శ తగ్గును. పుండు పడినను తెలియదు, తెలిసినను త్వరగా మానదు. మలముచే చెడిన తడినేలలో కొంకిపురుగు పిల్లలు పాదపు చర్మమును దూరి, రక్తములో కలిసి, తుదకు ప్రేగులు చేరి రక్తమును త్రాగి మనిషిని పాలిపోజేయును. కావున దొడ్డివైపులను, మురుగునేలలను, పొలము పనిలోను చెప్పులు తప్పక ఉండవలెను. చీకటిలో పాముభయము కలదు. ముల్లో మేకో లోతుగా దిగిన యెడల ధనుర్వాతమునకు టీకా వేయించుకొనవలెను. ఎండ యెక్కిన బండమీద నడచుట పౌరుషము కాదు. నేనును దిగునపుడు ప్రొద్దెక్కి రాళ్లు కాలగా, సంచిలోని చెప్పులు తీసి తొడుగుకొనియే దిగితిని.

ఆరోగ్యము బాగుండి, కోరిక గలవారు చల్లని వేళ, శుభ్రమైన నేలమీద, పది నిమిషములతో ఆరంభింపవచ్చును. మీ యింట కుర్రవాడెవడైన పట్టణమునుండి వచ్చి ఇట్టి ముచ్చట పడిన యెడల నవ్వకుడు. కాలు ఎట్లు మోపవలెనో చెప్పుడు. ఆ విద్య మీవద్ద నున్నది, పుస్తకములలో లేదు. మీ పొలమున వట్టి కాళ్లతో పని చేయు కూలివాడున్న యెడల, వానికి అలవాటే గదా యని ఊరకుండక, ఈ సంక్రాంతికి ఒక జత చెప్పులు కొనిపెట్టుడు. విడుచుటయో తొడుగుటయో తరువాత వాని యిష్టము.