పాత బండికి జీర్ణోద్ధరణము



పాత మోటారుబండిని ఇంటివద్దనే బాగుచేసికొనుట కొందరికి వ్యసనము, కొందరికి విద్య. ఇంగ్లండులో 1970లో వెలువడిన రేంజ్ రోవర్‌నే ఉదాహరణగా గైకొందము. నీటితో కడుగుటకు వీలగు సాదా లోపలిభాగముతో వచ్చిన ఈ బండి, క్రమముగా తోలు ఆసనముల విలాసవాహనమైనది. ఇంజను 3.5 లీటర్లది, సిలిండర్లు ఎనిమిది, నాలుగు చక్రములకును నిత్యము శక్తి అందును.

దీని పైరేకులలో పెక్కు అల్యూమినియమువి. లోపలి చట్రము ఉక్కుది. ఈ రెండు లోహములు కలియుచోట తడి చేరినచో క్షయము మొదలగును. పైన పటారము, లోన లొటారము! కావున రంగుకంటె ముందు త్రుప్పు చూడవలెను. చివికిన భాగమును కోసి, కొత్త ఉక్కును అతుకవలెను. కేవలము జాకీపై నిలిచిన బండిక్రింద దూరరాదు. గట్టి స్టాండ్లు పెట్టితీరవలెను.

ఇక ఎంతవరకు మార్చవచ్చును? పాయింట్లకు బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ అమర్చినచో మాటిమాటికి సరిచేయు శ్రమ తప్పును. 1992లో వచ్చిన గాలిస్ప్రింగులు కారసాగినప్పుడు, పెక్కుమంది చుట్టస్ప్రింగులు బిగించుకొందురు. అయితే మన దేశమున 2021 నాటి మోటారు వాహనముల నిబంధనల సవరణ ప్రకారము, 50 ఏండ్లు దాటియు మూలరూపము చెడని బండికే ‘వింటేజి’ గౌరవము. కనుక విప్పిన ప్రతి భాగమునకు చీటీ కట్టి భద్రపరచుడు.

ఆలయమును జీర్ణోద్ధరణము చేయువారు గోడలు నిలబెట్టుదురు గాని మూలవిరాట్టును కదల్పరు. ప్రాణరక్షణకు వలసినది మార్చుడు. బండికి గుర్తింపైనది నిలుపుడు.