వంగ తోటలో తలలు వాలితే

వంగ తోటలో కొమ్మల చివర్లు వాడి, తలలు వాలుస్తున్నాయా? నీళ్లు చాలలేదని తడి పెట్టేయకండి. ముందు ఒక కొమ్మ తుంచి, చీల్చి చూడండి. లోపల లేత గులాబీ రంగు పురుగు కనిపిస్తే, అదే మొవ్వు, కాయ తొలిచే పురుగు. కాయలోకి దూరాక దానికి మందు తగలదు. అందుకే వాడిన కొమ్మలు వెంటనే తుంచాలి. తుంచి గట్టు మీద పడేయకండి, కాల్చేయండి. పుచ్చు కాయలూ అంతే.

మగ రెక్కల పురుగులను ఆకర్షించి పట్టే లింగాకర్షక బుట్టలు ఎన్ని పెట్టాలి, ఏ మందు ఎప్పుడు కొట్టాలి? మందుల కొట్లో కాదు, ఉద్యాన అధికారిని అడగండి. తుంచిన కొమ్మ వెంట తీసుకెళ్లండి. వెళ్లలేకపోతే కిసాన్ కాల్ సెంటర్ ఉంది. తెలుగులోనే మాట్లాడొచ్చు, పైసా ఖర్చు లేదు. నంబరు 1800 180 1551. మళ్లీ చెబుతున్నా, రాసుకోండి: 1800 180 1551.