పికప్పు బండి డీజిలు ఫిల్టరు



వ్యాకరణము బోధించిన పంతులు బండిమరల ముచ్చట యేల చెప్పుచున్నాఁడని కొందఱు నవ్వవచ్చును. మా యింట ధాన్యపు బస్తాలను, మామిడికాయలను మోయు పికప్పు బండి యొకటి కలదు. దాని డీజిలు ఫిల్టరును, అనఁగా నూనెను వడపోయు డబ్బాను, మూఁడేండ్లుగా మా యరుగు ముందఱనే మార్చుచున్నాము. పని చిన్నది. ఉపేక్షించినచో నష్టము మాత్రము చిన్నది కాదు. కైకలూరు ప్రాంతమున చేఁపలను మంచులోఁ బెట్టి రాత్రివేళ బండి కెత్తించు వారి నడుగుఁడు. నిండు బరువుతో వంతెన యెక్కునపుడు ఇంజను బలము చాలక దగ్గి యాగిపోయినచో, మెకానిక్కు వచ్చుసరికి మంచు కరఁగును.

మన పూర్వులు వఱదనాఁటి కృష్ణనీటిని చిల్లగింజ నరగఁదీసి తేర్చెడివారు. మన్ను అడుగునకు దిగెడిది, పైనీరు త్రాగెడివారు. ఫిల్టరులో వ్యవహారము కొంత వేఱు. మడతలుగా నున్న కాగితము మన్నును పట్టును. నీరు డీజిలుకంటె బరువైనది గాన అడుగున నిలుచును. మన డెల్టాలో గాలితేమ యెక్కువ. సగము ఖాళీగా నున్న టాంకిలో, రాత్రి చల్లఁదనమునకు ఆ తేమయే చెమర్చి నీరగును. కాఁబట్టి సాయంకాలమే టాంకి నింపియుంచుట మేలు. వానకాలమున ఫిల్టరు అడుగునీటిని తఱచుగా దించుట మఱియు మేలు.

1900లో పారిసు ప్రదర్శనమున డీజిలు యంత్ర మొకటి వేరుసెనగనూనెతో నడిచినది. నేఁటి యంత్రమున కంతటి యోర్పు లేదు. దాని ఇంజెక్టరులలోని సందులు తలవెండ్రుక మందములో పదవవంతు గూడ నుండవు. రేణువు చొచ్చిన నవి గీఁచుకొనిపోవును. నీరు చేరినఁ ద్రుప్పుపట్టును.

ఇఁక మార్చు విధము. ఇంజను చల్లాఱిన పిదప, గాలి యాడు చోట, సమతలమున బండిని నిలిపి తాళము తీసివేయుఁడు. చుట్ట కాల్చువారు దూరముగాఁ గూర్చుండుట మంచిది. ముందుగా పాత ఫిల్టరు చుట్టును గల దుమ్మును గుడ్డతోఁ దుడువవలెను. కుఱ్ఱవాండ్రు తొందరపడు నది యిక్కడనే. నీటిజాడ తెలుపు విద్యుత్తీఁగె యున్నచో దాని నూడఁదీసి, క్రింద పళ్లెరము పెట్టి, అడుగు మఱను వదలుచేసి నీటిని దించుఁడు. అటుపిమ్మట ఫిల్టరును త్రిప్పి తీయుఁడు. పాత రబ్బరు వాషరు పైననే యంటుకొని మిగిలినదేమో వ్రేలితోఁ దడవి చూడవలెను. ఒకదానిపై నొకటి రెండు వాషరులు పడినచో డీజిలు కాఱును.

క్రొత్తదానిని బండి పేరు, సంవత్సరము చెప్పి కొనుఁడు. చౌకగా దొరకినదని పోలికను బట్టి కొనరాదు. వాషరునకు కొంచెము డీజిలు పూసి చేతితోడనే బిగింపవలెను. కొందఱు క్రొత్త ఫిల్టరులో సీసాతో డీజిలు నింపి బిగింతురు. ఇది నాకు సమ్మతము కాదు. వడపోయని నూనె నడిరంధ్రములోఁ బడినచో తిన్నగా ఇంజెక్టరులకే చేరును. గాలి తీయుటకు చేతిపంపు కలదు. అది గట్టిపడువఱకు నొత్తవలెను. చేతిపంపు లేని బండ్ల సంగతి బండితో నిచ్చిన పుస్తకమునఁ జూడుఁడు. గాలి తీయక ఇంజనును పదే పదే త్రిప్పుట బ్యాటరీకి చేటు. ఇంజను నడచిన పిదప చుట్టును తడి యున్నదేమో యొకమాఱు పరీక్షింపుఁడు.

ఫిల్టరు దాటి యింజనుపైకిఁ బోవు సన్నని యినుపగొట్టముల మఱలను మాత్రము తాఁకకుఁడు. ఇంజను నడచునపుడు వానిలోని యొత్తిడి, మనమీఁది గాలి యొత్తిడికి వేయిరెట్లు దాటఁగలదు. అచ్చట చిమ్మిన డీజిలు చర్మమును చీల్చుకొని లోనికిఁ జొచ్చును. పైకి చిన్న చుక్కవలెఁ గనిపించినను తక్షణమే యాసుపత్రికిఁ బోవలసినదే. ఆ పని విజయవాడ ఆటోనగరులోని నేర్పరులకు వదలుఁడు.

పళ్లెరములోని మురికినూనెను కాలువలోఁ బోయకుఁడు. మన గ్రామముల మంచినీటి చెఱువులు ఆ కాలువలచేతనే నిండుచున్నవి. మూఁత గల డబ్బాలోఁ బోసి, నగరమునకుఁ బోవునపుడు మరమ్మతు దుకాణమున కిచ్చివేయుఁడు. అంతవఱకు డబ్బామీఁద డీజిలని పెద్దయక్షరములతో వ్రాసి యుంచుఁడు, ఇంటఁ బిల్లలుందురు.