ముదిమిలో మతికి, ధనమునకు కాపుదల

(శతాబ్ది ఉత్సవముల సందర్భమున జరిగిన వృద్ధుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



నూరు సంవత్సరములుగా దేవుడు మన అధ్యక్ష మండలమును నడిపించిన విధమును ఈ దినములలో స్మరించుచున్నాము. గుడులకు పునాది వేసినవారి పేర్లు శిలాఫలకములపై ఉన్నవి. కాని పిడికెడు బియ్యము తీసిపెట్టి సంఘమును పోషించినవారు, బడులలో పాఠములు చెప్పినవారు, ఆసుపత్రులలో రాత్రులు మేలుకొన్నవారు ఇదిగో మన యెదుటనే కూర్చున్నారు. వీరి మతి, వీరి కష్టార్జితము క్షేమముగా ఉన్నవా అని అడుగుట ఈ పండుగలో భాగమే.

మతి సంగతి డాక్టరు చూచుననియు, ధనము సంగతి బ్యాంకు చూచుననియు మనము వేరుచేయుదుము. నిజమునకు అవి ఒకే కావడికి వ్రేలాడు రెండు కుండలు. 2020లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన ప్రకారము, మతిమరపు వ్యాధి నిర్ధారణ అగుటకు ఆరు సంవత్సరముల ముందునుండియే కొందరు బిల్లులు గడువులోగా కట్టలేకపోయిరి. అనగా ఇంటివారు పోల్చుకొనక ముందే లెక్క తప్పవచ్చును. గనుక తెలివి నిలిచియుండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెను. ఇందుకు మూడు సంగతులు మనవి చేయుదును.

మొదటిది, మతిని కాపాడుకొనుట. పెద్దవారు ఒకే మాట పదిసార్లు అడిగినచో "చాదస్తము" అని తీసివేయుదుము. కొన్ని చోట్ల దయ్యము పట్టినదని కూడ అందురు. ప్రియులారా, ముందు వైద్యునియొద్దకు తీసికొనిపొండి; ప్రార్థన దానితోపాటు చేయుడి. బి-12 విటమిను లోపము, థైరాయిడ్ జబ్బు, మనోవ్యాకులత వలన కలిగిన మరపు చికిత్సతో చక్కబడవచ్చును. 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘము 14 కారణములను ఎంచి, వాటిని సరిచేసికొన్నచో దాదాపు 45 శాతము మతిమరపు వ్యాధిని నివారించుటకో, ఆలస్యము చేయుటకో వీలున్నదని చెప్పినది. చెవుడు, చూపు మందగించుట, రక్తపోటు, మధుమేహము, పొగ త్రాగుట, ఒంటరితనము వాటిలోనివే. కంటి శుక్లము తీయించుకొనుటకు, వినికిడి యంత్రము పెట్టుకొనుటకు సిగ్గుపడనేల?

అమెరికాలో డేవిడ్ స్నోడన్ అను శాస్త్రజ్ఞుడు 1986లో ఆరంభించిన పరిశోధనలో 678 మంది కన్యాస్త్రీలు పాల్గొనిరి. వారిలో కొందరి మెదడునందు మరణానంతరము వ్యాధి గుర్తులు కనబడినను, బ్రతికినంతకాలము వారి తెలివి చెడలేదు. గనుక అమ్మలారా, అయ్యలారా, ఊరక కూర్చుండవద్దు. వారమునకొక వాక్యము కంఠస్థము చేయుడి. మనుమలకు పద్దులు నేర్పుడి. మీ సంఘము ఎట్లు పుట్టినదో మీకు తెలిసినంత వ్రాసియుంచుడి.

రెండవది, ధనమును కాపాడుకొనుట. ఆదికాండము 27వ అధ్యాయములో ఇస్సాకు కన్నులు మందగించినవి. స్వరము యాకోబుదని చెవి చెప్పినది. అయినను చేతులు తడవి, భోజనము చేసి, వస్త్రముల వాసన చూచి దీవించెను. అనుమానము కలిగినప్పుడు ఆగి మరియొకరిని పిలువలేదు. మోసము బయటివారినుండి రాలేదు, ఇంటిలోనుండియే వచ్చినది. నేడు బయటినుండియు వచ్చుచున్నది. పోలీసు వేషముతో వీడియో కాలు చేసి "డిజిటల్ అరెస్టు" అని భయపెట్టుదురు. మన చట్టములో అట్టి అరెస్టు లేదు. ఫోను పెట్టివేసి, పక్కవారిని పిలువుడి. డబ్బు పోయినచో ఆలస్యము చేయక 1930 నంబరునకు తెలుపుడి.

ఆస్తి సంగతి మరింత జాగ్రత్తగా వినుడి. దాన సెటిల్మెంటు దస్తావేజు రిజిస్టరైన తరువాత మన ఇష్టము వచ్చినట్లు రద్దుచేయుటకు వీలుకాదు. వీలునామా మన మరణానంతరమే అమలగును, జీవితకాలములో మార్చుకొనవచ్చును. ఇచ్చియే తీరవలెనన్నచో, చివరివరకు పోషించవలెనను షరతును ఆ దస్తావేజులోనే వ్రాయించుడి. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టము 23వ సెక్షను ప్రకారము ఆ షరతు తప్పినచో దస్తావేజును రద్దు చేయించవచ్చును. 2025 జనవరిలో సుప్రీం కోర్టు ఒక తల్లి తన కుమారునికి వ్రాసిన దానమును ఈ చట్టము క్రిందనే రద్దుపరచినది. బిడ్డలు నొచ్చుకొనినచో, "నాయనా, నీమీద నమ్మకము లేక కాదు, వ్రాతలో ఉండుట మన ఇద్దరికి మంచిది" అని చెప్పుడి. వీలునామాకు ఇద్దరు సాక్షులు కావలెను. క్రైస్తవులకు వర్తించు 1925 నాటి వారసత్వ చట్టము ప్రకారము, ఆస్తి పొందువాడు గాని, వాని భార్య గాని సాక్షి సంతకము చేసినచో వానికి వ్రాసిన భాగము చెల్లదు.

దావీదు నొద్దకు వచ్చిన బర్జిల్లయిని చూడుడి. ఎనుబది యేండ్లవాడు. తనకు రుచి తెలియదనియు, పాటకుల స్వరము వినబడదనియు రాజుతో దాచక చెప్పెను. తనకు బదులుగా కింహామును చూపించెను. తన బలహీనతను ముందుగా ఒప్పుకొని, తగినవానిని తానే చూపినవాడు మోసపోవుట అరుదు.

మూడవది, సంఘము బాధ్యత. పేద విధవరాలి రెండు కాసులను గూర్చి మనము తరచుగా బోధించుదుము. మార్కు సువార్త 12వ అధ్యాయములో దానికి ముందరనే ప్రభువు విధవరాండ్ర ఇండ్లను దిగమ్రింగువారిని గద్దించెను. తల్లిదండ్రులకు చెందవలసినదానిని కొర్బాను అని చెప్పి దేవుని పేర తప్పించుటను కూడ ఆయన ఖండించెను. దగ్గరి బంధువులున్న క్రైస్తవుడు ధర్మకార్యమునకు వీలునామా వ్రాయవలెనన్నచో మరణమునకు కనీసము 12 నెలల ముందు వ్రాయవలెనను నిబంధనను 2003లో సుప్రీం కోర్టు కొట్టివేసినది. స్వేచ్ఛ కలిగినది గనుక సంఘమునకు బాధ్యతయు పెరిగినది. ఒక వృద్ధురాలు స్థలము వ్రాసి ఇచ్చెదననినప్పుడు, "అమ్మా, నీకేమి మిగులును? ఎక్కడ ఉందువు?" అని అడుగక తీసికొనిన కానుక మన బలిపీఠమునకు తగదు. ఈ మాట సేవకులమైన మాకే ముందు వర్తించును.

బోయజు పొలము సంగతిని రాత్రివేళ ఇంటిలో తేల్చుకొనలేదు. ఊరి గవినియొద్ద పదిమంది పెద్దల యెదుట తేల్చెను. నయోమి ముదిమికి అది అండయైనది. మన ప్రతి సంఘములోను నమ్మకమైన ఇద్దరు పెద్దలు, దస్తావేజు చదివి చెప్పుటకు, బ్యాంకునకు తోడు వెళ్లుటకు ముందుకు రావలెను. వారు డబ్బు ముట్టరాదు, లబ్ధి పొందరాదు. గుడికి రాలేనివారిని వారమునకొకసారి పలుకరించవలెను. ఇంటిలో బాధలు పడుచున్నవారికి 14567 అను వృద్ధుల సహాయ నంబరున్నదని చెప్పవలెను.

రెండవ నూరేండ్లలో ఈ అధ్యక్ష మండలము ఎన్ని గుడులు కట్టునో దేవునికి తెలియును. కట్టినవారు ముదిమిలో నిలువనీడ లేక ఉండకూడదు. తల నెరయువరకు మనలను ఎత్తుకొను దేవుడు మీ మతిని, మీ గూటిని కాపాడును గాక. ఆమేన్.