ఏసీ గ్యాసుకు మంట తగిలితే

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని మా ఉపాధ్యాయులను అడిగారు. చదువు గురించే చెబుతాం, కాకపోతే బడి దాటాక మొదలయ్యే చదువు గురించి. పదో తరగతితోనో, ఇంటర్ మధ్యలోనో ఆగిపోయిన మన పిల్లలు ఎందరో ఏసీ, ఫ్రిజ్ రిపేరు షాపుల్లో ఉస్తాద్ దగ్గర పనికి చేరుతున్నారు. చెయ్యి తిరిగాక కొందరు ఇక్కడే సొంతంగా పని చేసుకుంటారు, కొందరు గల్ఫ్‌కు వెళ్తారు. గౌరవమైన వృత్తి. రెంటచింతల ఎండల పక్కన బతికే మనకు ఈ పనివాళ్ల అవసరం తీరేది కాదు. ఈ పిల్లలకు పనిముట్ల పెట్టెలు ఇవ్వాలని మన సొసైటీ తలపెట్టింది. ఆ పెట్టెలో ఏమేం ఉండాలన్న దాని మీదే ఈ పూట మా మాట.

మనం ‘ఏసీ గ్యాసు’ అనేది మామూలుగా ఉన్నప్పుడు పెద్ద విషం కాదు. పాతకాలం ఫ్రిజ్‌లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్ వంటి ఘాటైన వాయువులు వాడేవారు. వాటికి బదులుగా వచ్చిన కొత్త వాయువును 1930లో అమెరికా రసాయన శాస్త్రవేత్త థామస్ మిడ్గ్లీ తోటి శాస్త్రవేత్తల ముందు తానే పీల్చి, ఆ ఊపిరితో కొవ్వొత్తి ఆర్పి చూపించాడు. విషం కాదు, మండదు అని నిరూపించడానికి. ఆ తరువాత వచ్చిన ఆర్-22, ఆర్-134ఏ, ఆర్-410ఏ, ఆర్-32 అన్నీ ఆ వంశానివే. ఇంట్లో ఏసీ చల్లగా నడుస్తున్నంతసేపు ఆ గ్యాసు రాగి గొట్టాల్లోనే తిరుగుతుంది. కనుక ఎవరూ ఈ రాత్రి ఏసీ ఆపేసి పడుకోనక్కర్లేదు.

చిక్కంతా మంట దగ్గర వస్తుంది. ఆర్-22 అణువులో ఒక కార్బన్, ఒక హైడ్రోజన్, ఒక క్లోరిన్, రెండు ఫ్లోరిన్ పరమాణువులు ఉంటాయి. గొట్టం అతకడానికి బ్రేజింగ్ చేసేటప్పుడు రాగి 600 డిగ్రీలకు పైగా కాగుతుంది, టార్చి మంట అంతకంటే ఎంతో వేడి. గ్యాసు ఇంకా లోపల ఉండగానే మంట పెడితే, లేదా గదిలోకి వదిలేసిన గ్యాసు మంటను చేరితే, ఆ అణువు విడిపోతుంది. విడిపోయినవి గాలిలోని ఆక్సిజన్‌తో, తేమతో కలిసి కొత్త జతలు కడతాయి. హైడ్రోజన్ క్లోరైడ్, హైడ్రోజన్ ఫ్లోరైడ్, కొద్ది మోతాదులో ఫాస్జీన్ పుడతాయి.

మొదటి రెండూ ఆమ్లాలు. ముక్కు, కళ్లు, గొంతు వెంటనే మండుతాయి. మనిషి దగ్గుతూ బయటికి పరుగెత్తుతాడు. ఆ మంటే అతనికి హెచ్చరిక. ఫాస్జీన్ అలా కాదు. అప్పుడే కోసిన గడ్డి వాసన వస్తుందంటారు, ఆ వాసన ముక్కుకు తెలిసేసరికే హద్దు దాటిపోయి ఉంటుంది. పనిచేసే చోట దానికి పెట్టిన హద్దు కోటి పాళ్ల గాలిలో ఒక్క పాలు. పీల్చినవాడు కాసేపు దగ్గి, తేరుకుని, బాగానే ఉందని ఇంటికి వెళ్తాడు. గంటలు గడిచాక, ఒక్కోసారి మర్నాటికి, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఊపిరాడదు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 నుంచి సైనికుల మీద ప్రయోగించిన వాయువు ఇదే. భోపాల్‌లో 1984లో వేలమందిని బలిగొన్న మిథైల్ ఐసోసయనేట్ తయారీకి వాడిన ముడిసరుకుల్లో ఇదొకటి. అంతకు మూడేళ్ల ముందు, 1981 డిసెంబరులో, అదే కర్మాగారంలో ఫాస్జీన్ పీల్చి ఒక కార్మికుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. రిపేరు షాపులో పుట్టేది ఆ మోతాదులో ఉండదు. కానీ తలుపులు మూసిన చిన్న గదిలో, గోడకు ముఖం ఆనించి పని చేసే కుర్రవాడికి ఎంతో అక్కర్లేదు.

ఇప్పుడు ఆర్-22 పోతోంది కదా, కొత్త గ్యాసు పర్యావరణానికి మంచిదట కదా అని కొందరు అంటారు. ఓజోన్ పొరను కాపాడాలని 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, ఆర్-22 తగ్గుతున్నది అందువల్లే. కొత్త ఆర్-32లో క్లోరిన్ లేదు, కనుక ఫాస్జీన్ రాదు. ఫ్లోరిన్ మాత్రం ఉంది. కనుక మంట తగిలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ వస్తుంది. పైగా అదే కొద్దిగా మండుతుంది కూడా. ఓజోన్‌కు మేలు చేసేది ఊపిరితిత్తులకు కూడా మేలు చేయాలని లేదు. ఇక ఆర్-22 యంత్రాలు పాతవి, తరచూ రిపేరుకు వచ్చేవి. అవి ఎక్కువగా మన పిల్లల చేతికే వస్తాయి.

పాత మెకానిక్‌లకు ఒక గుర్తు తెలుసు. క్లోరిన్ ఉన్న గ్యాసు వేడి రాగి దగ్గర మంటకు తగిలితే ఆ మంట ఆకుపచ్చగా మారుతుంది. లీకు కనిపెట్టే దీపాలు ఈ సూత్రం మీదే పనిచేసేవి. ఆకుపచ్చ కనబడితే టార్చి ఆపి బయటికి రావాలి. కొత్త గ్యాసులకు మాత్రం ఈ గుర్తు పనికిరాదు. మంట రంగు మారలేదని ధైర్యపడకూడదు.

చేయవలసిన పద్ధతి కష్టమైనది కాదు. గ్యాసును ముందుగా వేరే సిలిండర్‌లోకి లాగి పెట్టుకోవాలి. గొట్టాన్ని మంటతో కాక కట్టరుతో కోయాలి. లోపల నైట్రోజన్ పోనిచ్చి మిగిలినది తరిమెయ్యాలి. కిటికీలు, తలుపులు తెరవాలి, ఎందుకంటే ఈ గ్యాసు గాలి కంటే బరువు, నేల మీద పేరుకుని మూసిన గదిలో గాలి లేకుండా చేస్తుంది. ఆ తరువాతే టార్చి వెలిగించాలి. పని దగ్గర బీడీ, సిగరెట్ వద్దు, ఆ నిప్పు కూడా నిప్పే. లీకు పరీక్షకు చేతికందిన ఆక్సిజన్ సిలిండర్ ఎన్నడూ తగిలించకూడదు. కంప్రెసర్ నూనె, ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్ కలిస్తే పేలుతుంది. దానికీ నైట్రోజనే వాడాలి.

ఎవరికైనా పొగ సోకితే వెంటనే ఆరుబయటికి తేవాలి, నడిపించకుండా కూర్చోబెట్టాలి, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏ గ్యాసుకు మంట తగిలిందో డాక్టరుకు చెప్పాలి. బెల్లం ముక్కతో, గ్లాసు పాలతో ఇది పోదు. బాగానే ఉన్నానన్నా ఒక రాత్రి కనిపెట్టి చూడవలసిందే.

ఇప్పుడు దాతలకు మా మనవి. పెట్టెలో టార్చి, గేజీలు, స్పానర్లు మాత్రమే ఇస్తే మనం పిల్లవాడి చేతికి మంట ఇచ్చి, మంటకు ముందు చేయవలసిన పనికి సాధనం ఇవ్వనట్టు. కళ్లద్దాలు, మంచి గ్లవుజులు, పైపు కట్టరు ప్రతి పెట్టెలో ఉండాలి. నైట్రోజన్ సిలిండర్, రెగ్యులేటరు, గ్యాసు వెనక్కి లాగే మిషను ఒక్కొక్కరికి కొనడం భారం. కాబట్టి సొసైటీ పేరున ఒక జత కొని, కావలసినవాడు తీసుకెళ్లి తిరిగి ఇచ్చేలా పెట్టమంటున్నాం. పెట్టెలు పది తగ్గినా పరవాలేదు. పెట్టె ఇచ్చే ముందు అనుభవమున్న ఉస్తాద్‌తో రెండు రోజుల పాఠం పెట్టించండి. అందులోని రసాయన శాస్త్రం మేము చెబుతాం, రుసుము లేకుండా.

మరొకటి డబ్బుతో పని లేనిది. మీ ఇంటికి, మీ దుకాణానికి ఈ పిల్లలే వస్తారు. ‘త్వరగా కానివ్వు బాబూ, గిరాకీ పోతోంది’ అని తొందర పెట్టకండి. గ్యాసు లాగి పెట్టుకోవడానికి పట్టే ఆ అరగంట ఇవ్వండి, దానికి అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి. టార్చి వెలిగేటప్పుడు చిన్నపిల్లలను, ముసలివారిని ఆ గదిలో ఉంచకండి.

తల్లిదండ్రులు మన మాట నమ్మి పిల్లలను ఈ పనిలో పెడుతున్నారు. వాళ్లు మన దగ్గర అమానత్. చేతికి పని ఇచ్చినట్టే, ఊపిరికి కాపు కూడా ఇద్దాం. అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.