మా మండువా యింటి మరమ్మతు



గృహనిర్మాణమును గురించి ప్రసంగింపుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఆ శాస్త్రము నాకు రాదు. నిరుడు మా తండ్రిగారి యింటిని బాగుచేయించునపుడు చూచినదానిని మాత్రము మనవి చేసెదను.

మాది కోనసీమ. ఇల్లు మండువా లోగిలి. నాలుగు ప్రక్కల పెంకుల కప్పు లోపలికి వాలియుండుటచే వాననీరంతయు నడుమనున్న మండువాలో పడును. శ్రావణమాసపు వానలలో ఆ ధారల క్రింద తడిసి అమ్మచేత చీవాట్లు తినని పిల్లవాడు మా యింట లేడు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపానులో పడమటి కప్పు లేచిపోయినది. నాన్నగారు ఆ ప్రక్కను తాటాకు కప్పించి, “వచ్చే వేసవికి చూతము” అనిరి. ఆ వేసవి ఎన్నడును రాలేదు. ఆయన పిసినారి యని పిల్లలము లోలోపల అనుకొనువారము.

ఆయన గతించిన పిమ్మట ఇల్లు అమ్మివేయుదమని అన్నగారు వ్రాసిరి. అమ్మ కాదనలేదు, కాని నాతో ఢిల్లీ వచ్చుటకు మూటయు కట్టుకొనలేదు. నేను నలువది దినముల సెలవు పెట్టి వెళ్లితిని.

ఇటుకయు సున్నమును చేర్చి కట్టిన గోడలవి. పడమటి గోడకు ఎన్నడో సిమెంటు పూత పూయించిరి. బలమునకని పూసినదే దానికి చేటైనది. సున్నపు గోడ నేలచెమ్మను పీల్చినను మరల గాలికి విడిచిపెట్టును. సిమెంటు ఆ దారిని మూసివేయును. చెమ్మ లోపలనే నిలిచి ఇటుకలు పొడియై రాలుచుండెను. అదృష్టవశమున గానుగసున్నము తెలిసిన వృద్ధ తాపీమేస్త్రి యొకడు దొరకెను. కరక్కాయ, బెల్లము నానవేసిన నీటితో అతడు సున్నము కలుపుచుండగా, అతని కుమారుడే పడగొట్టి స్లాబు వేయుట చౌక యని నాతో గుసగుసలాడెను. లెక్కకు అది నిజమే.

కప్పు విప్పుటకై అటక ఖాళీ చేయించుచుండగా నాన్నగారి పద్దుల పుస్తకములు బయటపడినవి. 1997 మొదలు 2002 వరకు ప్రతి ఉగాదికిని “కప్పు మరమ్మతు” అని యొక పద్దు. దానిపై అడ్డగీత. క్రింద అంతే మొత్తము, ఒకయేడు “పెద్దవాని వసతిగృహము”, మరియొకయేడు “చిన్నవాని కళాశాల”, కట్టకడపట “చిన్నవాని ఉద్యోగపు పరీక్ష, రైలు, పుస్తకములు.” మన కార్యాలయములలో ఒక పద్దు సొమ్మును వేరొక పద్దునకు మార్చవలెనన్న పైవారి అనుమతియు, కారణముల వివరణమును కావలెను గదా. ఆయన ఏ కారణమును వ్రాయలేదు. నేను చాలసేపు ఆ అటకమీదనే కూర్చుంటిని. క్రింద కూలీలు నన్ను పిలుచుచునే యుండిరి.

ఆ పుటలను ఫోనులో ఫోటో తీసి అన్నగారికి పంపితిని. మూడు దినములు బదులు లేదు. నాల్గవనాడు తెల్లవారుజామున ఆయనయే వచ్చిరి. అమ్మ యిచ్చిన నీళ్లతో కాళ్లు కడుగుకొని, పుస్తకముల మాట యెత్తక, “వాసాలు తాటివి వేయిస్తున్నావా, టేకువా?” అని అడిగిరి.

పడమటిగది పని సంక్రాంతికి మిగిలియున్నది. అమ్మకపు తలంపును అన్నగారు పూర్తిగా విడిచిరని నేను చెప్పజాలను. సెలవు.