పరుగు బూట్లు: సాధనకు ఏవి, పోటీకి ఏవి?



ఈ రోజు పాఠానికి గాజు పరికరాలు, రసాయనాలు ఏవీ తేలేదు. ఈ బల్ల మీద ఉన్నవి మూడు జతల బూట్లు. మొదటిది మీలో చాలామంది డ్రిల్లు పీరియడ్‌కు వేసుకొనే తెల్ల కాన్వాసు జత. రెండోది రోజూ పరుగెత్తేవాళ్ళు వాడే మెత్తని సోలు ఉన్న జత. మూడోది పోటీలలో వాడేది, చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు. వీటిని సర్దుతుంటే కెమెరా దగ్గరున్న మిత్రుడు "పాఠమా, దుకాణమా మాస్టారూ?" అని నవ్వారు. నిజానికి ఈ పాఠం ఒక దుకాణంలోనే మొదలైంది.

పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగాల ప్రకటన వెలువడిందంటే మన ఊళ్ళలో కాలేజీ మైదానాలు తెల్లవారకముందే నిండిపోతాయి. 1600 మీటర్ల పరుగు నెగ్గితే తరువాతి మెట్టు, లేకపోతే ఇంటికి. మా వీధి కుర్రాడొకడు నాలుగు నెలలపాటు అరిగిపోయిన కాన్వాసు బూట్లతో సాధన చేశాడు. పరీక్ష ముందురోజు సాయంత్రం అప్పు చేసి మంచి బూట్లు కొన్నాడు. మర్నాడు రెండో చుట్టు తిరిగేసరికి బూటు కరిచి మడమ వెనక తోలు లేచిపోయింది. కుంటుతూనే నాలుగు చుట్లూ పూర్తి చేశాడు గాని, సమయం దాటిపోయింది. సాయంత్రం మా ఇంటికి వచ్చి, "మాస్టారూ, ఖరీదైనవే కదా కొన్నాను, తప్పెక్కడ జరిగింది?" అని అడిగాడు. వాడికి ఆ రోజు చెప్పలేకపోయిన జవాబే ఈ పాఠం.

ముందుగా కాలి కింద ఏం జరుగుతుందో చూద్దాం. నడిచేటప్పుడు ఎప్పుడూ ఒక పాదమైనా నేల మీద ఉంటుంది. పరుగులో అలా కాదు. అడుగుకూ అడుగుకూ మధ్య కొద్ది క్షణం శరీరమంతా గాలిలోనే ఉంటుంది. అంటే ప్రతి అడుగూ ఒక చిన్న దూకు అన్నమాట. దిగినప్పుడు పాదం మోసే భారం శరీరం బరువుకు రెండు మూడు రెట్లు ఉంటుంది. 60 కిలోల మనిషి అయితే 120 నుంచి 180 కిలోలు. నిమిషానికి 170 అడుగుల చొప్పున గంటసేపు పరుగెత్తితే అలాంటి దూకులు పదివేలు దాటుతాయి.

మీరు భౌతికశాస్త్రంలో ప్రచోదనం గురించి చదివే ఉంటారు. క్యాచ్ పట్టే ఆటగాడు చేతులు వెనక్కి ఎందుకు లాక్కుంటాడు? ద్రవ్యవేగంలో వచ్చే మార్పు ఎలాగూ అంతే. దానికి పట్టే కాలం పెరిగితే చేతి మీద పడే బలం తగ్గుతుంది. బూటు సోలు కూడా అదే పని చేస్తుందని పుస్తకాలలో రాస్తారు. అది సగం నిజం. మన కాలు ప్రాణంలేని కర్ర కాదు కదా. కింద మెత్తగా తగిలితే కండరాలు కాలిని కాస్త బిగుతుగా ఉంచుతాయి, గట్టిగా తగిలితే మోకాలిని ఎక్కువ వంగనిస్తాయి. శరీరం తనంతట తాను చేసుకొనే సర్దుబాటు ఇది. కనుక సోలు రెట్టింపు మెత్తగా ఉంటే దెబ్బ సగానికి తగ్గుతుందన్న లెక్క కుదరదు. దుకాణంలో సోలును బొటనవేలితో నొక్కి చూసి, దూదిలా ఉందని మురిసిపోయి కొనేవాళ్ళను చూస్తే నాకు నవ్వు వస్తుంది.

ఇప్పుడు సోలు లోపలి సంగతి. రెండో జతలోని తెల్లని పొర పేరు ఇథిలీన్ వినైల్ ఎసిటేట్, పొట్టిగా ఈవీఏ. 1970ల మధ్య నుంచి పరుగు బూట్లలో వాడుతున్నారు. బ్రెడ్డు ముక్కలోలాగా దీని నిండా గాలి గదులుంటాయి. అడుగు పడగానే గదులు నలుగుతాయి, ఎత్తగానే మళ్ళీ ఉబ్బుతాయి. నలిగినప్పుడు దాచుకొన్న శక్తిలో కొంత తిరిగి ఇస్తుంది, మిగిలినది వేడిగా పోతుంది. అరగంట పరుగెత్తి వచ్చి బూటు లోపల చెయ్యి పెట్టి చూడండి. ఆ వేడి అంతా మీ కాలిదే కాదు, కొంత ఇదే.

ఎంత తిరిగి ఇస్తుందన్న దాని మీదే ఇటీవలి గొడవంతా. 2017లో నైకీ సంస్థ వేపర్‌ఫ్లై అనే బూటును అమ్మకానికి తెచ్చింది. దాని సోలు పాలీఈథర్ బ్లాక్ అమైడ్ అనే మరో నురుగుతో చేసినది, మధ్యలో కార్బన్ నారతో చేసిన వంపు పలక ఉంటుంది. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో దాని తొలి నమూనాను 18 మంది మంచి పరుగువీరులకు తొడిగి, వాళ్ళు పీల్చే ఆక్సిజన్‌ను కొలిచారు. అప్పటి పోటీ బూట్లతో పోలిస్తే శక్తి ఖర్చు సగటున 4 శాతం తగ్గింది. యంత్రం మీద నొక్కి చూస్తే, పెట్టిన శక్తిలో 87 శాతం తిరిగి వచ్చింది. పోల్చి చూసిన తక్కిన రెండు బూట్లలో అది సుమారు 76, 66 శాతం మాత్రమే. గుర్తుంచుకోండి, ఏ బూటూ కొత్తగా శక్తిని పుట్టించదు. మీరు పెట్టినదానిలో తక్కువ పారబోస్తుంది, అంతే. శక్తి నిత్యత్వ నియమానికి ఇక్కడ మినహాయింపు లేదు.

ఆ కార్బన్ పలకే స్ప్రింగులా ముందుకు తోస్తుందని చాలామంది నమ్మకం. కొందరు పరిశోధకులు అలాంటి బూటులోని పలకకు అడ్డంగా కోతలు పెట్టి, వంగకుండా ఉండే దాని బిరుసును పోగొట్టి, మళ్ళీ పరుగెత్తించి కొలిచారు. తేడా ఒక శాతం కూడా లేదు! మేలులో పెద్ద వాటా నురుగుదీ, తేలికదనానిదీ. తేలికదనం మాట ఎందుకంటే, ఒక్కో బూటుకు 100 గ్రాముల బరువు పెరిగితే పరుగులో శక్తి ఖర్చు సుమారు ఒక శాతం పెరుగుతుంది. నడుముకు 100 గ్రాములు కట్టుకొంటే మనకు తెలియనే తెలియదు. అదే బరువు కాలి చివర ఉంటే ప్రతి అడుగుకూ దాన్ని ఊపాలి, ఆపాలి, మళ్ళీ ఊపాలి. జడత్వ భ్రామకం పాఠం గుర్తు చేసుకోండి.

అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య 2020 జనవరి 31న ఈ బూట్లకు హద్దు గీసింది. రోడ్డు పరుగుల్లో సోలు మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదు, పలక ఒకటే ఉండాలి. ట్రాక్ మీద జరిగే పోటీలకైతే 2024 నవంబరు 1 నుంచి హద్దు 20 మిల్లీమీటర్లు. కాబట్టి జిల్లా స్థాయి దాటి ఆడేవాళ్ళు కొనేముందు మీ వ్యాయామోపాధ్యాయుడిని అడగండి.

మరి ఈ మూడో జత మీకు అవసరమా? గంటకు 10, 12 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తేవాళ్ళను పరీక్షిస్తే, లాభం సగటున ఒకటి, ఒకటిన్నర శాతం దగ్గరే ఆగింది. కొందరికి అసలు లాభమే లేదు. పైగా ఆ నురుగు త్వరగా చచ్చుపడుతుంది, ఖరీదు చూస్తే గుండె ఆగుతుంది. డిగ్రీ చదివే పిల్లవాడు దానికోసం ఇంట్లో పోరు పెట్టడం నాకు నచ్చదు.

కొనేటప్పుడు అన్నిటికన్నా ముఖ్యం కొలత. నీళ్ళలో పాదం తడిపి సిమెంటు మీద అచ్చు వేసి, పాదం వంపు ఎక్కువా తక్కువా అని చూసి, దాన్నిబట్టి బూటు రకం ఎంచుకోవాలని చాలా కాలంగా చెబుతూ వచ్చారు. నేను కూడా తరగతిలో చెప్పాను, ఒప్పుకొంటున్నాను. అమెరికా సైన్యం, వైమానిక దళం, మెరైన్ దళాలలో శిక్షణలో ఉన్నవాళ్ళ మీద దీన్ని పరీక్షించారు. సగం మందికి పాదం వంపును బట్టి బూట్లు ఇచ్చారు, మిగతావాళ్ళకు వంపుతో సంబంధం లేకుండా ఒకే రకం ఇచ్చారు. గాయాలలో తేడా కనబడలేదు. తొడుక్కొని నాలుగడుగులు పరుగెత్తితే హాయిగా ఉన్నదా లేదా అన్నదే ఇప్పటికి మనకున్న మేలైన కొలబద్ద.

బూట్లు సాయంత్రం పూట కొనండి. పగలంతా నిలబడ్డాక, నడిచాక పాదం కాస్త ఉబ్బుతుంది. పరుగులోనూ అంతే. మీరు పరుగెత్తే సాక్సులే తొడుక్కొని వెళ్ళండి. రెండు పాదాలూ ఒకే పొడుగు ఉండవు, పెద్దదానికి సరిపడేది తీసుకోండి. నిలబడినప్పుడు పొడుగాటి వేలికీ బూటు కొసకూ మధ్య బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. లేకపోతే దిగువ వాలులో గోళ్ళు కొట్టుకొని నల్లబడతాయి. మన దుకాణాలలో మామూలుగా కనబడే బ్రిటిష్ నంబర్లలో ఒక నంబరుకూ మరోదానికీ తేడా దాదాపు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. అర నంబరు తేడా కూడా చిన్నది కాదు. పొడుగు సరిపోయినా వెడల్పు సరిపోకపోవచ్చు. పశ్చిమ బెంగాల్‌కు చెందిన స్వప్నా బర్మన్ సంగతి వినే ఉంటారు. ఒక్కో పాదానికి ఆరు వేళ్ళు. మామూలు బూట్లలో పాదాలు నొక్కుకుపోతుంటే ఆ నొప్పితోనే సాధన చేసి, 2018 జకార్తా ఆసియా క్రీడల హెప్టాథ్లాన్‌లో 6026 పాయింట్లతో స్వర్ణం గెలిచింది. ఆమె పాదాలకు కొలిచి కుట్టిన బూట్లు ఆ తరువాత గాని రాలేదు.

ఇక నా పొరుగు కుర్రాడి తప్పు దగ్గరకు వద్దాం. 1960 సెప్టెంబరు 10న రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌లో ఇథియోపియాకు చెందిన అబేబే బికిలా వట్టి కాళ్ళతో పరుగెత్తి 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో గెలిచాడు. అప్పటికి ప్రపంచంలో అదే అత్యుత్తమ సమయం. దీన్ని చూపించి, బూట్లే అనవసరమని వాదించేవాళ్ళున్నారు. అసలు జరిగింది వేరు. అక్కడ దొరికిన కొత్త బూట్లు అతని కాలికి సరిపడలేదు. వట్టి కాళ్ళతో సాధన చేయడం అతనికి అలవాటే. పోటీ రోజున కొత్తదాన్ని వదిలి పాతదాన్ని నమ్ముకొన్నాడు. నాలుగేళ్ళ తరువాత టోక్యోలో అదే బికిలా బూట్లు తొడుక్కొని 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో మళ్ళీ గెలిచాడు. మన శివనాథ్ సింగ్ కూడా వట్టి కాళ్ళ పరుగుకు పేరుపొందినవాడే. 1978లో జలంధర్‌లో ఆయన నెలకొల్పిన 2 గంటల 12 నిమిషాల జాతీయ రికార్డు నాలుగు దశాబ్దాలకు పైగా చెక్కుచెదరలేదు.

బూటు మారిందంటే భారం పడే చోటు మారిందన్నమాట. మామూలు సాధన బూట్లలో మడమ, కాలి ముందు భాగం కన్నా 8 నుంచి 12 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంటుంది. ఈ తేడా తక్కువగా ఉన్న బూట్లలోకి మారితే పిక్కలు, మడమ వెనక నరంలా కనిపించే స్నాయువు ఎక్కువ సాగాలి. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లో కొత్త పనికి అలవాటుపడతాయి. స్నాయువులకూ ఎముకలకూ నెలలు పడుతుంది. ఆయాసం రాలేదు గనుక కాలు కూడా సిద్ధంగా ఉందనుకోవడం పొరపాటు. అమెరికాలో 36 మంది మీద ఒక పరిశీలన చేశారు. 19 మంది పది వారాలలో కాలి తొడుగులాంటి పలుచని బూట్లకు మారారు, 17 మంది పాత బూట్లలోనే ఉన్నారు. చివర ఎమ్మార్ఐ తీస్తే, మారినవాళ్ళలో 10 మందికి పాదం ఎముకల్లో వాపు కనబడింది. మారనివాళ్ళలో ఒక్కరికే. వాళ్ళు మారింది కూడా ఒక్కరోజులో కాదు, క్రమంగానే! పది వారాలు కూడా కొందరికి చాలలేదన్నమాట. ఇటు కార్బన్ పలక బూట్లు వాడినవాళ్ళలోనూ పాదం మధ్య ఎముక చిట్లిన కేసులు అయిదింటిని వైద్యులు 2023లో ప్రచురించారు. అయిదు కేసులతో బూటుదే నేరమని తేల్చలేం గాని, జాగ్రత్తపడడానికి చాలు.

అందుకే కొత్త జత కొన్నాక మొదటి వారం ఇంట్లో, వీధిలో నడవండి. తరువాత వారానికి ఒకటి రెండుసార్లు, రెండు కిలోమీటర్లు మించకుండా పరుగెత్తండి. మిగిలిన రోజులు పాత జతే. నొప్పి లేకపోతేనే కొద్దికొద్దిగా పెంచండి. పోటీ బూట్లయినా అంతే, కనీసం మూడు నాలుగు వేగపు సాధనలు వాటిలో చేశాకే పోటీకి తొడగాలి. పాత జతను వెంటనే పారేయకండి. లక్సెంబర్గ్‌లో 264 మందిని 22 వారాలు గమనిస్తే, ఒకటికి మించిన జతలను మార్చి మార్చి వాడినవాళ్ళలో గాయాల ముప్పు 39 శాతం తక్కువగా ఉంది. ఇది పరిశీలన మాత్రమే, కారణం రుజువు కాలేదు. ఒకే చోట రోజూ భారం పడకపోవడం వల్ల కావచ్చునని ఊహ. జతను 500 నుంచి 800 కిలోమీటర్ల మధ్య మార్చమంటారు. బల్ల మీద పెడితే ఒక పక్కకు ఒరుగుతున్నా, సోలు అడ్డంగా ముడతలు పడి తేరుకోకపోయినా అంతకుముందే మార్చాలి.

రెండు జతలకు డబ్బెక్కడిదని మీరు అడుగుతారు. సబబైన ప్రశ్నే. ఒక్క జతే కొనగలిగితే మధ్యరకం సాధన జత కొనండి. పరీక్ష తేదీకి కనీసం రెండు నెలల ముందు కొనండి. సాధన, పరీక్ష రెండూ దానితోనే కానివ్వండి. 1600 మీటర్లకు అది చాలు.

ఇంటిపని ఒకటి. రేపు ఉదయం లేవగానే గోడకు మడమ ఆనించి కాగితం మీద నిలబడి, రెండు పాదాల పొడుగూ వెడల్పూ గీసి కొలవండి. సాయంత్రం ఆట అయ్యాక మళ్ళీ కొలవండి. ఆ నాలుగు గీతలనూ మీరు ఇప్పుడు వాడుతున్న బూటు లోపలి అట్టతో పోల్చి చూడండి. మా వీధి కుర్రాడు కొలిస్తే, అప్పు చేసి కొన్న ఆ జత సాయంత్రం పాదానికి అర నంబరు చిన్నదని తేలింది.